కోయడానికి చెయ్యి వెనకాడని లైన్: ఒక పండుగప్ప వేటగాడి ఫ్లోరోకార్బన్ కేసు

నేను గోదావరి వైపు గాలం వేసేవాళ్ళ రీళ్ళు సర్వీస్ చేస్తాను, కొత్తగా వచ్చినవాళ్ళకు ముడులు నేర్పుతాను. నన్ను అందరూ ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న, తక్కువలో వచ్చే మంచి ఫ్లోరోకార్బన్ లైన్ ఏది అని. నీటిలో కనపడదని పేరున్న ఒక రకం ప్లాస్టిక్ గాలం దారం అది. ఇన్నాళ్ళూ దానికి ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి పంపించేసేవాణ్ణి. ఈ కేసు తర్వాత అలా చెప్పడం మానేశాను. ఇందులో నేనిచ్చిన మొదటి సలహా పనిచేయలేదు, అదెందుకు పనిచేయలేదో తెలిశాకే అసలు సంగతి బయటపడింది, అందుకే మొత్తం రాస్తున్నాను. ఆ వేటగాడు రాసుకోమన్నాడు. పేరు, ఉద్యోగం, గాలం వేసే చోటు మాత్రం రాయడం లేదు.

ముప్పై దాటిన మనిషి, నెల జీతం, ఇద్దరు పిల్లలు. దొరికేది ఆదివారం పొద్దున్న నాలుగైదు గంటలు, అంతే. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఒకవైపు మడ చెట్లు, ఇంకోవైపు పాత వంతెన స్తంభాలు ఉన్న చోట పండుగప్ప కోసం లూర్ (చేపలా కనపడే ఉత్తుత్తి ఎర) విసురుతాడు. ఏడడుగుల రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీల్, దాని మీద 30 పౌండ్ల బరువుకి ఆగే బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన లైన్. సామాను బాగానే ఉంది. నా దగ్గరికి వచ్చేనాటికి ఆ సీజన్‌లో ఐదు మంచి చేపలు తగిలి ఐదూ పోయాయి. ప్రతిసారీ లైన్ తెగింది, లూర్ కూడా పోయింది. లూర్ ఒక్కోటి నాలుగు వందల పైమాటే.

"చేపకి లైన్ కనిపించేస్తోందన్నయ్యా, ఫ్లోరో వేస్తే తెలీదంట. జపాన్‌వి కొనలేను, తక్కువలో ఏదన్నా చెప్పండి" అన్నాడు.

ఇక్కడే నాకు తేడా కొట్టింది. లైన్ కనిపించి బెదిరే చేప అసలు లూర్ అందుకోదు కదా. ఇతనికి అందుకున్నాకే పోతున్నాయి. అంటే సమస్య కంటికి కనపడటం దగ్గర లేదు, లైన్ నిలబడటం దగ్గర ఉంది. కానీ ఆ మాట వెంటనే అనలేదు, ముందు తెగిన కొసలు చూపించమన్నాను. చివరిసారి తెగింది రీల్ మీదే అలాగే ఉంది, ఇంకో రెండు లూర్ పెట్టెలో దొరికాయి.

కొసలు చూడటం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లైన్ ఏం కొనాలో షాపువాడికన్నా అవే బాగా చెబుతాయి. మొదటి కొస చివర స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంది. అది తెగింది కాదు, ముడి జారి విడిపోయింది. రెండోదాని చివరి జానెడు తెల్లగా, గరుగ్గా, నమిలి ఊసిన చెరుకు పిప్పిలా ఉంది. అది రాపిడి. వంతెన స్తంభాల నిండా ఆలిచిప్పలు పట్టి ఉంటాయి, వాటి అంచు బ్లేడు లాంటిది, చేప ఒక్కసారి స్తంభం చుట్టూ తిరిగితే చాలు. మూడోది నున్నగా, కత్తెరతో కోసినట్టు తెగింది. పండుగప్పకి వంజరంలాగా కోసే పళ్ళు ఉండవు, కానీ దాని మొప్ప రేకు అంచు చాలా పదును, చేత్తో పట్టుకున్నవాళ్ళందరికీ తెలుసు. చేప తల విదిల్చినప్పుడు బిగిసి ఉన్న లైన్ ఆ అంచుకి తగిలింది. మూడు కొసలకు మూడు కారణాలు. అతను మాత్రం మూడింటికీ కలిపి ఒకే మందు అడుగుతున్నాడు.

నా దగ్గరికి రాకముందే రెండు ప్రయత్నాలు చేసి ఉన్నాడు. మొదట రీల్ మొత్తం 150 మీటర్లు ఫ్లోరో మెయిన్ లైన్ నింపాడు. వారం తిరక్కుండా తీసేశాడు. ఫ్లోరో బిరుసుగా ఉంటుంది, స్పూల్ మీద చుట్టిన చుట్ట చుట్టలాగే గుర్తుపెట్టుకుంటుంది. స్పిన్నింగ్ రీల్ మీద కాస్త మందం ఎక్కువైతే విసిరినప్పుడు రింగులు రింగులుగా ఎగిరి చిక్కులు పడుతుంది. పైగా నీటికన్నా బాగా బరువు కాబట్టి మునుగుతుంది, నీటి మీద తేలే లూర్ ముక్కుని కిందికి లాగుతుంది. 150 మీటర్ల డబ్బు పెట్టి అతను కొనుక్కున్నది చిక్కులు. బ్రెయిడ్ ఉన్నవాళ్ళకు ఫ్లోరో కావలసింది చివరి ఒకటిన్నర మీటరు మాత్రమే, లీడర్‌గా, అంటే బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే ముక్కగా.

రెండోది ఆన్‌లైన్‌లో కొన్న 100 మీటర్ల స్పూల్, 350 రూపాయలు. మీద పెద్ద అక్షరాలతో ఫ్లోరోకార్బన్ అని, 0.35 మి.మీ., 30 పౌండ్లు అని రాసి ఉంది. ఆ అంకెలు చూడగానే అనుమానం వచ్చింది. జపాన్ లైన్ సైజుల్లో 1వ నంబర్ అంటే 0.165 మి.మీ., 4వ నంబర్ అంటే దానికి సరిగ్గా రెట్టింపు, 0.33. మందం రెట్టింపయితే కోత వైశాల్యం నాలుగింతలు అవుతుంది, బలం కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది, అందుకే ఆ నంబర్లు అలా పెట్టారు. పేరున్న కంపెనీల ఫ్లోరోలో 0.33 మీద మామూలుగా 16 నుంచి 20 పౌండ్ల మధ్య రాస్తారు. 0.35 కి 30 పౌండ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వాడే స్క్రూ గేజ్ ఒకటి నా దగ్గర ఉంది, కొలిస్తే 0.43 వచ్చింది. అంటే మందం తక్కువ చేసి రాశాడు. లేబుల్ మీద పౌండ్లు చూసి కొనకండి, మందం కొలిచి కొనండి, కొలిచే సాధనం లేకపోతే కనీసం లేబుల్ మీది మందానికీ పౌండ్లకీ పొంతన ఉందో లేదో చూడండి.

అసలు అది ఫ్లోరోనేనా? దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. ఫ్లోరోకార్బన్ లైన్ అంటే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్. జపాన్‌లో కురేహా కంపెనీ 1971లో సీగార్ పేరుతో దీన్ని మొదట గాలం లైన్‌గా తెచ్చింది. దీని సాంద్రత 1.78 దగ్గర, నైలాన్‌ది 1.14 దగ్గర. మంచినీటి సాంద్రత 1 కాబట్టి మామూలు నీళ్ళలో వేస్తే రెండూ మునుగుతాయి, మునిగింది కదా ఫ్లోరోనే అని చాలామంది మోసపోతారు. అదే గ్లాసు నీళ్ళలో గల్లుప్పు పోసి, ఇక కరగకుండా అడుగున మిగిలేదాకా కలిపితే ఆ నీటి సాంద్రత 1.2 దగ్గరికి వెళ్తుంది. పైన తేటని ఇంకో గ్లాసులోకి వంచుకోవాలి. లైన్‌ని రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, సబ్బు నీళ్ళలో ముంచి తీసి, సూదితో అడుగుదాకా నొక్కి వదలాలి. సబ్బు ఎందుకంటే ముక్కకు గాలి బుడగ అంటుకుంటే ఏదైనా తేలుతుంది. నైలాన్ మెల్లగా పైకి వస్తుంది, ఫ్లోరో అడుగునే కూర్చుంటుంది. నైలాన్ మీద పలచగా ఫ్లోరో పూత వేసి అమ్మేవి కూడా పైకే వస్తాయి. కొందరు నిప్పు పెట్టి చూస్తారు, దయచేసి ఆ పని చేయకండి, పీవీడీఎఫ్ కాలితే వచ్చే పొగ విషం.

అతని 350 రూపాయల స్పూల్ ముక్కలు మూడూ పైకొచ్చాయి. గ్లాసు వైపు అలా చూస్తూ ఉండిపోయాడు, మూడు నెలలుగా వాడుతున్నది నైలాన్. లైన్‌గా అది చెడ్డదేం కాదు, 0.43 నైలాన్‌కు ఎంత ఉండాలో అంత బలం ఉంది. దాని పేరే అబద్ధం.

ఇక నా పొరపాటు. నేను వేసుకున్న లెక్క ఇది. ఫ్లోరో గొప్పతనం అని అందరూ చెప్పేది అది నీటిలో కనపడదని. కాంతి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, నీటికి 1.33, ఫ్లోరోకి 1.42, నైలాన్‌కి 1.53. అంటే నైలాన్ కన్నా నీటికి దగ్గర, అంతేగానీ మాయమైపోదు. అతను గాలం వేసే పాయలో నీరు దిగే వేళ మోకాలి లోతులో పాదం కనపడదు. అలాంటి బురద నీళ్ళలో ఆ తేడా ఎవరికి కావాలి? కాబట్టి ఫ్లోరోకి డబ్బు దండగ, మందమైన నైలాన్ లీడర్ వెయ్యి, మీటరు మూడు రూపాయలు కూడా పడదు అని చెప్పి 0.55 మి.మీ. నైలాన్ ఇచ్చి పంపాను. లెక్క సగం నిజమే. ఆ నైలాన్‌తో చేప తగలడం ఏమాత్రం తగ్గలేదు, అంటే కనపడటం సమస్య కాదన్నది తేలిపోయింది. కానీ మూడు ఆదివారాల్లో తగిలిన మూడింట్లో రెండు పోయాయి. రెండూ రాపిడే.

తెచ్చిన లీడర్ ముక్క వేళ్ళ మధ్య నలిపి చూస్తే మెత్తగా ఉంది. నైలాన్ నీరు పీలుస్తుంది, గంటల తరబడి తడిస్తే పొడిగా ఉన్నప్పటి బలం, బిరుసు ఉండవు. ఫ్లోరో దాదాపు నీరు పీల్చదు, ఆఖరి విసురుకి కూడా మొదటి విసురులాగే ఉంటుంది. నేను కంటి గురించి ఆలోచించాను, ఆలిచిప్పల గురించి ఆలోచించలేదు. తెగిన కొసల్లో ఒకటి నా కళ్ళ ముందే చెరుకు పిప్పిలా కనపడినా కూడా. మొదటి రోజు నేను చూసిన సాక్ష్యాన్ని నేనే పక్కన పెట్టాను.

అయినా ఈసారి ఊహ మీద పోదలచుకోలేదు. ఒకే మందంలో నైలాన్, ఫ్లోరోల్లో రాపిడికి ఏది ఆగుతుందన్నది తయారీని బట్టి మారుతుంది, బాగా చేసిన నైలాన్ నాసిరకం ఫ్లోరో కన్నా ఎక్కువ ఆగడం నేను చూశాను. అందుకని ఆ వంతెన దగ్గర నుంచే చిప్పలు పట్టిన రాయి ఒకటి తెప్పించాను. మూడు లైన్లు, రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టినవి: 0.55 నైలాన్, మధ్యరకం ధరలో ఒక ఫ్లోరో లీడర్ 0.52, జపాన్ ఫ్లోరో లీడర్ 0.52. ఒక్కోదానికి కిలో బాట్లు కట్టి రాతి అంచు మీద ఒకే తీరుగా లాగుతూ వచ్చాం. అతను లాగుతుంటే నేను లెక్కపెట్టాను. ఒక్కో లైన్‌ని మూడేసి సార్లు చేశాం. మూడుసార్లూ నైలాన్ ముందు తెగింది. ఫ్లోరోలు రెండూ అటూ ఇటూగా ఒకే లెక్క దగ్గర తెగాయి, ఒకసారి మధ్యరకందే ఎక్కువసేపు ఆగింది. జపాన్‌ది చేతికి మెత్తగా ఉంది, ముడి సాఫీగా కూర్చుంది. మధ్యరకం బిరుసుగా ఉంది, ముడి వేసేటప్పుడు మొండికేసింది. మధ్యరకం ఉప్పునీళ్ళ పరీక్షలో మునిగింది, స్క్రూ గేజ్‌లో 0.53 చూపించింది, లేబుల్‌కి దగ్గర.

ఇక్కడ మధ్యరకం కొనిపించేస్తే కథ అయిపోయేది. కానీ ఆ వారమే సింగపూర్ నుంచి వచ్చిన అతని బంధువు ఒక జపాన్ స్పూల్ తెచ్చిపెట్టాడు, 30 మీటర్లు, మన డబ్బుల్లో 1,650 పడిందట. నేనూ సంతోషించాను, మంచిదే కదా వాడు అన్నాను.

దానితో అతని జీవితంలో తగిలిన అన్నిటికన్నా పెద్ద చేప పోయింది.

ఆ రోజు సాయంత్రమే వచ్చాడు. కొస చూపించాడు, మళ్ళీ అదే చెరుకు పిప్పి. ఇంత మంచి లైన్ ఎందుకిలా అయిందని నెమ్మదిగా అడుగుతూ పోతే అప్పుడు చెప్పాడు, గంట ముందు ఒక చిన్న చేప స్తంభం పక్కకి లాగిందట, పట్టాడు, లీడర్ చివర జానెడు గరుగ్గా అయిందని చూశాడు, చూసి కూడా కోయలేదు. ఎందుకు కోయలేదంటే "మీటరు యాభై అయిదు రూపాయలన్నయ్యా, ఇంకాసేపు ఆగుతుందిలే అనుకున్నా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ కేసులో నాకు దొరికింది ఇదే. ఆలిచిప్పలున్న చోట ఏ లైన్ అయినా గరుగ్గా అవుతుంది, 350 దైనా 1,650 దైనా. చేపని తెచ్చిపెట్టేది లైన్ ఎంతసేపు ఆగుతుందన్నది కాదు, గరుకు తగలగానే ఆ జానెడు కోసి పారేసి మళ్ళీ ముడి వేశావా లేదా అన్నది. కాబట్టి అతనికి సరిపడే ధర అంటే, పరీక్షల్లో నిలబడినవాటిలో, కోయడానికి చెయ్యి వెనకాడని ధర. జపాన్ లైన్‌లో ఏ లోపమూ లేదు. దాని ధర అతని చేతిని ఆపింది. జీతం వేరే అయితే ఇదే లైన్ అతనికి సరైనదే అయ్యేది.

లెక్క కాగితం మీద వేసి చూపించాను. మధ్యరకం 50 మీటర్లు 750 రూపాయలు, అంటే మీటరు 15. ఆదివారం ఒక్కింటికి, మధ్యలో కోతలతో కలిపి, రెండు మీటర్లు అనుకుందాం, 30 రూపాయలు. జపాన్‌ది అయితే 110. నకిలీది 7 రూపాయలు, కానీ దాంతో పోయే లూర్ 400. స్పూల్ ధర చూస్తే 350 కి 750 రెండింతలకు పైగా అనిపిస్తుంది, పొద్దుటి పూటకి లెక్కేస్తే తేడా 23 రూపాయలు, రెండు టీల డబ్బులు. ఫ్లోరో ఎండకీ నీటికీ త్వరగా పాడవదు కూడా, స్పూల్ పెట్టెలో ఉంచితే రెండేళ్ళైనా పనికొస్తుంది, కాబట్టి 50 మీటర్లు ఒకేసారి కొంటే వృథా ఏం కాదు. నైలాన్ విషయంలో ఈ మాట చెప్పను, షాపు అద్దాల వెనక ఎండకి ఎండిన నైలాన్ స్పూళ్ళు తక్కువకి ఇస్తామన్నా తీసుకోకండి.

అతను ఇంకో ఇద్దరితో కలిసి ఆ స్పూల్ పంచుకుందామన్నాడు, వద్దన్నాను. పదహారు మీటర్లే ఉంటే మళ్ళీ పొదుపు చేస్తాడు.

లైన్‌తో పాటు మార్చినవి రెండు. ఒకటి ముడులు. మొదటి కొసలో జారింది ముడే కదా. లూర్‌కి అతను వేసేది మామూలు క్లించ్ ముడి, ఆరు చుట్లతో. సన్న లైన్‌కి అది చాలు, 0.52 ఫ్లోరో బిరుసుకి ఆరు చుట్లు దగ్గరికి రావు, బిగిసినట్టు కనపడి లోపల వదులుగా ఉంటుంది. మూడు చుట్ల యూని ముడికి మార్చాం, వదులుగా చుట్టి, నోటితో తడిచేసి, మెల్లగా, ఒకే తీరుగా లాగి బిగించడం. పొడిగా సర్రున లాగితే రాపిడి వేడికి ఫ్లోరో అక్కడే దెబ్బతింటుంది, ముడి పక్కన తెల్లటి మచ్చ కనపడుతుంది, అది కనపడితే మళ్ళీ కోయాల్సిందే. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ మధ్య ఎఫ్‌జీ ముడి నేర్పాను. అందులో ఫ్లోరో ఎక్కడా మడత పడదు, బ్రెయిడే దాని చుట్టూ జడ అల్లినట్టు అల్లుకుని పట్టుకుంటుంది, సన్నగా ఉంటుంది కాబట్టి రాడ్ రింగుల్లో తగలదు. మొదట్లో పావుగంట పట్టింది, విసుక్కున్నాడు. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక రెండేసి ముడులు వేయమన్నాను, నెలకి నాలుగు నిమిషాల్లో వేసేస్తున్నాడు. వేసిన ప్రతిదీ లగేజీ తూకానికి తగిలించి లాగి చూడాలని షరతు పెట్టాను.

రెండోది డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే రీల్ లైన్ వదిలే బిగుతు. మొదటిసారి రీల్ నా చేతికిచ్చినప్పుడు డ్రాగ్ పూర్తిగా బిగించి ఉంది, స్తంభాల్లోకి పోనివ్వకూడదని. ఆ ఆలోచన అర్థమవుతుంది, కానీ అలా బిగిస్తే మొప్ప అంచుకి తగిలే లైన్ వీణ తీగలా బిగిసి ఉంటుంది, అప్పుడు ఏ లైన్ అయినా ఇట్టే తెగుతుంది. తూకం పెట్టి మూడున్నర కిలోలకు వదిలేలా చేశాం. చేపని స్తంభాల నుంచి మళ్ళించడానికి రాడ్ పక్కకి వంచి లాగడం అలవాటు చేసుకున్నాడు. దీనికి సమయం పట్టింది, ఇంకా పూర్తిగా రాలేదు.

తర్వాతి రెండు నెలల్లో ఏడు తగిలాయి, ఐదు ఒడ్డుకొచ్చాయి. పోయిన రెండింట్లో ఒకటి హుక్ ఊడింది, రెండోది స్తంభం. అన్నిటికన్నా పెద్దది నాలుగు కిలోల పైన. దాని ఫొటో పంపలేదు, దాని లీడర్ తెచ్చి చేతిలో పెట్టాడు. హుక్ దగ్గర నుంచి బెత్తెడు మేర గోరు ఆనిస్తే గీతలు గీతలుగా తగిలింది, ఇంకో రెండు సార్లు విదిల్చి ఉంటే పోయేదే. ఆ పొద్దున్న అప్పటికే మూడుసార్లు కోసి ముడి వేశానని చెప్పాడు. కోసిన ముక్కలన్నీ ఖాళీ మందు సీసాలో వేసుకొచ్చాడు, అది కూడా నేను పెట్టిన షరతే. నీటిలో పడేస్తే పీవీడీఎఫ్ కుళ్ళదు, మడ చెట్ల వేళ్ళకి చుట్టుకుని అలాగే ఉంటుంది, కొంగల కాళ్ళకి తగులుకుంటుంది.

ఈ కేసు అందరికీ అతికించకండి. చెరువుల్లో కొర్రమీను కోసం తామరాకుల మధ్య ఫ్రాగ్ (కప్ప ఆకారపు లూర్) విసిరేవాళ్ళకి లీడరే అక్కర్లేదు, నేరుగా బ్రెయిడ్ చాలు, ఫ్రాగ్ నీటి మీద ఉండాలి, మునిగే లైన్ దానికి అడ్డం. తేట నీళ్ళ రిజర్వాయర్లలో సన్న లైన్‌తో గాలం వేసేవాళ్ళకి కనపడటం గురించిన లెక్క నిజంగానే పనికొస్తుంది, అక్కడ మెత్తటి జపాన్ లైన్‌కి డబ్బు పెట్టినా తప్పులేదు, కోయాల్సిన పని తక్కువ కాబట్టి. ఇప్పుడు నేను ఎవరు వచ్చి అడిగినా ముందు రెండే అడుగుతున్నాను, ఎక్కడ వేస్తున్నావు, తెగిన కొస ఉందా అని.

అతను పోయిన వారం ఫోన్ చేశాడు. పడవ మీద వంజరానికి వెళ్తున్నాడట, ఇదే లీడర్ సరిపోతుందా అని. సరిపోదు. వంజరం పళ్ళకి ఏ ఫ్లోరో అయినా దారంతో సమానం, జానెడు స్టీల్ వైర్ వేసుకోమన్నాను, ఆ ముడి వేరే, శనివారం సాయంత్రం రమ్మన్నాను.